చెరువుగట్టున నొక దినము



తీర్థమునకో, పెండ్లికో, పురిటికో యిల్లు విడిచి పోయితిమన్న నడుగువారుండరు. పిట్టలను జూచుటకై యొక దినమంతయు తిరిగి వచ్చితినన్న మాత్రము "పిల్లకు పరీక్షలు లేవా? ఇంట వంట లేదా?" యని నవ్వుదురు. నవ్వినను సరియే, ఒక్కమాట యోచింపుడు. ఇంటిపట్టుననే తండ్రిగారియొద్దనో తాతగారియొద్దనో నాలుగు కావ్యములు చదువుకొన్న మనకు పక్షులతోడి పరిచయము తక్కువదా? హంసనడక, చకోరనేత్రములు, చక్రవాకముల యెడబాటు, కాటుకపిట్టలవంటి కన్నులు. ఆడుదానిని వర్ణింపవలసినప్పుడెల్ల కవులకు పక్షులే దిక్కయినవి. మా నాన్నగారు నాకు మేఘసందేశము పాఠము చెప్పునపుడు, "హంస యెట్లుండును నాన్నగారూ?" అని నేనడిగితిని. "పాలను నీటిని వేరుచేయునది" అని చెప్పి, వారు తరువాతి శ్లోకమునకు బోయిరి. ఆ కావ్యపక్షులలో కొన్ని మా యింటికి గంట ప్రయాణము దూరములోనే, ప్రతి శీతకాలమునను వచ్చి దిగుచున్నవని తెలిసి నాకు మూడేండ్లయినది. అది మొదలు వీలు చిక్కినప్పుడెల్ల పోవుచున్నాను.

మేముండునది నిజాంపేట. మావారు ఉన్నతపాఠశాలలో సాంఘికశాస్త్రము చెప్పుదురు. ఈ యూరు నిన్నమొన్నటిదాక పొలములును బండలును గల పల్లె. 1998లో సైబర్ టవర్స్ వెలసిన తరువాత హైటెక్ సిటీ పెరిగి పెరిగి మావైపునకు వచ్చినది. 2019లో మా పల్లె నగరపాలక సంస్థయే యైనది. ఇప్పుడు మేడపై కెక్కి చూచిన మేడలే కనబడును. పదునొకండేండ్లుగా మేము వానిలో నొకదాన నద్దెకున్నాము.

మా యెదురింటి బాబాయిగారు బ్యాంకు ఉద్యోగము విరమించినవారు. 1980లో మన నగరమున నేర్పడిన పక్షివీక్షకుల సంఘమున పాతకాపు. ఏటేట జనవరిలో ఆసియాఖండమున జరుగు నీటిపక్షుల లెక్క మన దేశమున 1987లో మొదలైనది. ఆ లెక్కకు ఆయన ప్రతియేడును పోవుదురు. పిన్నిగారు ఆయనకన్న నేర్పరి. ఆయన దుర్భిణితో వెదకుచున్న పక్షిని ఆమె చెవితోనే పట్టును. శివరాత్రి వెళ్లిన తరువాతి యాదివారము వారి కారులో మమ్మును రమ్మనిరి. అప్పటికి విదేశపక్షులింకను పూర్తిగా మరలిపోవు. మన పక్షులు గ్రుడ్లు పెట్టుట కారంభించును. రెండును జూడవచ్చునని పిన్నిగారి మాట.

మావారికి పక్షులమీద నంత ప్రీతి లేదు. వారు వచ్చుటకు వేరొక కారణము గలదు. పటాన్‌చెరు దారిలో నొక కుంట యొడ్డున ఇండ్లస్థలములు చవుకగా నమ్ముచున్నారని యొక దళారి నెలదినములనుండి ఫోను చేయుచుండెను. "ఎదురుగా నీళ్లు, చల్లని గాలి" యని ప్రకటనపత్రము గూడ నిచ్చెను. మేము కూడబెట్టినదానికి నా పుట్టింటివారు పెట్టిన కాసులపేరును గలిపినచో బయానాకు సరిపోవును. తిరిగివచ్చునపు డా స్థలమును జూచి రావచ్చునని మావారి యుద్దేశము. పదునొకండేండ్లు అద్దె కట్టినవారికి సొంతయింటి ఆశ యెట్టిదో మీకు జెప్ప నక్కరలేదు.

తెల్లవారుజామున దద్దోజనమును పులిహోరయు డబ్బాలలో సర్ది, అత్తగారికి కాఫీ కలిపియిచ్చి బయలుదేరితిమి. బాచుపల్లి మీదుగా అమీన్‌పూరు చెరువు చేరునప్పటికి తూరుపు తెల్లబడుచుండెను. ఈ చెరువు కుతుబ్‌షాహీలనాటిదని చెప్పుదురు. ఒకప్పు డిది చెత్తయు కలుషితపు నీరును నిండి చెడినది. తేజ్‌దీప్ కౌర్ మీనన్ గారను పోలీసు అధికారిణి రాష్ట్ర ప్రత్యేక రక్షణదళమునకు అధిపతిగా నున్న కాలమున దీనిని దత్తతగొని, తమ సిబ్బందిచే శుభ్రపరపించిరి. 2016లో దీనిని జీవవైవిధ్య వారసత్వస్థలముగా బ్రకటించిరి. నగరప్రాంతపు చెరువున కట్టి గౌరవము దేశమున నిదియే మొదటిది. ఒక స్త్రీ చీపురు పట్టించిన చెరువని నాకు దీనిపై నభిమానము మిక్కుటము.

మంచు విడుచుచుండగా మొదట కనబడినవి బొల్లికోళ్లు. మేను నల్లన, నొసట తెల్లని నామము. గుంపులు గుంపులుగా నీటిపై నీదుచు నొకదానినొకటి గసరుకొనుచుండెను. వాని నడుమ మునుగుడుకోడి బుడుంగున మునిగి, మన మూహింపని చోట తేలును. మా యమ్మాయి యది యెక్కడ తేలునో పందెము వేసి నాలుగుమార్లు ఓడిపోయినది. జమ్ముగడ్డిలో నీలపు బొల్లికోడి యెఱ్ఱని కాళ్లతో దుబ్బునుండి దుబ్బునకు నడచుచుండెను. నత్తగుల్లకొంగ ముక్కు రెండు తునకల నడుమ సందుండును, మూసినను మూసుకొనదు. ఆ సందు నత్తల చిప్పలు పట్టుటకని బాబాయిగారు చెప్పిరి. తెడ్డుమూతికొంగలు నాలుగు వరుసగా నిలిచి, ముక్కును నీటిలో ప్రక్కకు ప్రక్కకు త్రిప్పుచుండగా, మజ్జిగ చిలుకుచున్నట్లే తోచినది. కొన్ని యేండ్లలో నిచటికి పొడుగుకాళ్ల గులాబీవన్నె ఫ్లెమింగోలును వచ్చును; ఆనాడు మాకవి కనబడలేదు.

కట్టపై రాళ్లమీద తోక నెగురవేయుచు పరుగెత్తు చిన్నపక్షిని జూపి పిన్నిగారు "ఇది కాటుకపిట్ట" యనిరి. సంస్కృతమున ఖంజరీటమన్న దిదియే. వీనిలో పసుపు వన్నెదియు తెల్లముఖముదియు శీతకాలమున ఉత్తరదేశములనుండి వచ్చునవి. తెల్లని కనుబొమ కలిగి నల్లగా నుండు పెద్దది మాత్ర మిక్కడిదే. దాని యొక నిముసపు చాంచల్యము చూచినతోడనే, కవి స్త్రీ కన్నుల నేల దీనితో బోల్చెనో యెఱుకపడినది. వ్యాఖ్యానములలో దొరకని దా యెఱుక. నా మనవి యిది: పుస్తకమున జదివిన పక్షిని ఒక్కసారియైన కంటితో జూడుడు. చకోరము మాత్రము మన తెలుగునేలది కాదు, హిమాలయప్రాంతపుది. దాని నాశ్రయించిన మన కవులలో పెక్కురు చూడకయే వ్రాసి యుందురు.

అచటనే వినబడినది తీతువుకూత. మీ యిండ్లలో నేమందురో గాని, మా యత్తగారు ఆ కూత విన్నంతనే మూడుమార్లు "శ్రీరామ" యనుకొని చెవులు మూసికొందురు. రాత్రి యింటిమీదుగా తీతువు కూసిన నెవరికో మూడినదని నమ్మిక. పగటివేళ దానిని జూచినవారి కా భయ ముండనేరదు. కంచువన్నె వీపు, నల్లని రొమ్ము, తెల్లని పొట్ట, కంటి ముందర నెఱ్ఱని తోలుముడి, పసుపుపచ్చని పొడుగుకాళ్లు. అది చెట్టెక్కదు, నేలమీదనే తిరుగును, నేలమీదనే గ్రుడ్లు పెట్టును. గూడును గట్టదు, గులకరాళ్ల నడుమ చిన్నపల్లము చేసి, తఱచుగా నాలుగు గ్రుడ్లు, మొనలు లోపలికుండునట్లు పేర్చి పెట్టును. నేలపైని తల్లికి నక్కయు కుక్కయు మనిషియు పగవారే. అందుచే పగలనక రాత్రియనక యెవరు దరిజేరినను కేకలు వేయును. నడిరేయి పసిబిడ్డ యూయెలవైపు ఎవరైన వచ్చిన మన మూరకుందుమా?

పంచతంత్రమున మిత్రభేదమందలి టిట్టిభ మిదియే. సముద్రపుటొడ్డున గ్రుడ్లు పెట్టుమని మగపక్షి చెప్పగా, ఈ తావు మంచిది కాదు, కెరటములు గొనిపోవును సుమీ యని ఆడుపక్షి యెంతయో చెప్పినది. "సముద్రమునకు నాతో పగగొను ధైర్యమా?" యని మగడు బింకములు పలికెను. అంతట సముద్రము గ్రుడ్లను గొనిపోయినది. గరుత్మంతునిదాక మొఱ పోయినది. విష్ణువు కలుగజేసికొనగా గ్రుడ్లు తిరిగివచ్చినవి. మగపక్షి పౌరుషమునకై యీ కథ చెప్పువారే యెక్కువ. నాకు చిన్ననాటనుండియు ఆడుపక్షి మొదట జెప్పిన మాటయే నచ్చును. ఈ కథను కారులో చెప్పగా మావారు నవ్వి యూరకుండిరి.

అమీన్‌పూరునుండి ఔటర్ రింగు రోడ్డు పట్టుకొని గండిపేటకు బోయితిమి. మన దక్కను పీఠభూమిలో ప్రకృతి సిద్ధమైన సరస్సు లరుదు. పచ్చికబయళ్లు, ముళ్లపొదలు, ఏనుగులవలె పరుండిన బండలు. నీరున్న ప్రతిచోటును ఎవరో కట్ట కట్టి వాననీటిని నిలిపినదే. కాకతీయులు కట్టించిరి, కుతుబ్‌షాహీలు కట్టించిరి, అసఫ్‌జాహీలు కట్టించిరి. తట్టలతో మట్టి మోసినవారిలో మనవంటి స్త్రీలెందరో యుందురు, వారి పేర్లు శాసనములలో లేవు. ఆ చేతుల పుణ్యముననే మంగోలియా పక్షి మన యూరి నీటిపై వ్రాలుచున్నది.

గండిపేట కథ మరింత దుఃఖముతో గూడినది. 1908 సెప్టెంబరు 28వ తేదీన మూసీనది పొంగి హైదరాబాదును ముంచెను. వేలకొలది జనులు మడిసిరి. ఉస్మానియా ఆసుపత్రి ప్రాంగణమున నేటికిని నిలిచియున్న యొక చింతచెట్టు నెక్కి నూటయేబదిమంది ప్రాణములు దక్కించుకొనిరి. మూసీ యెగువనున్న చెరువులు రెండువందలకు పైగా తెగుటయు ఆ యుపద్రవమునకు గారణమైనది. నిజాము ప్రభుత్వము మోక్షగుండం విశ్వేశ్వరయ్యగారిని పిలిపింపగా, ఆయన సలహాపై మూసీమీద ఉస్మాన్‌సాగరము 1920లోను, ఈసీమీద హిమాయత్‌సాగరము 1927లోను గట్టబడినవి. మనము గండిపేట చెరువని పిలుచునది ఆ ఉస్మాన్‌సాగరమే. వరద నాపుటకును త్రాగునీటికిని గట్టినది పక్షులకును ఇల్లయ్యెను.

కట్టనుండి దూరముగా, నీరు తగ్గి బురద తేలిన యొడ్డున కూర్చుండి, దద్దోజనము డబ్బా విప్పుచుండగా మా యమ్మాయి "అమ్మా, చారల తల!" యని కేక వేసినది. ఇరువదికి తక్కువగాని బాతులు, బూడిదవన్నెవి, తెల్లనితలపై వెనుకవైపున రెండు నల్లని చారలు. పెద్దలు కొందరు కావ్యములలోని హంస యిదియే యని చెప్పుదురు. లడఖు, టిబెట్టు, మంగోలియాలలోని యెత్తైన సరస్సులయొద్ద పిల్లలను చేసి, చలి ముదురకముందే హిమాలయములు దాటి మనవైపునకు వచ్చును. వీనికి చిన్నయంత్రములు గట్టి వెంబడించిన శాస్త్రజ్ఞులు 7,000 మీటర్లకు పైగా నెగిరినదానిని గుర్తించిరి. అయినను తఱచుగా నవి యంత యెత్తున బోవక, కొండల వాలుల ననుసరించి యెక్కుచు దిగుచు, నేలకు దాపుగనే పోవునట. క్రౌంచపర్వతపు రంధ్రముగుండ హంసలు పోవునని కాళిదాసు చెప్పినది నా మనస్సున మెదలినది. కాని యొక్కటి. ఆయన హంసలు మేఘముతో గూడ బయలుదేరును. మా గండిపేట హంసలు మేఘునికొఱకు వేచియుండవు, చైత్రమునకే మూటముల్లె సర్దుకొనును. మేఘుడు వచ్చుసరికి వాని పిల్లలకు ఱెక్కలు మొలచుచుండును. కవికి తోడు కావలసి వచ్చినది, అంతే.

అల్లంత దూరమున నొంటరిగా నొకజత చక్రవాకములు. నారింజపండు చాయ మేను, లేతవన్నె తల. పగలు గనుక నొకదానిప్రక్క నొకటి, పెండ్లిపీటలమీద వలె నుండెను. రాత్రి యెడబాయునో లేదో చూచుటకు మేమచట నుండలేదు.

ఈ నేలపై పక్షులను మొదట క్రమముగా నారసినవారు సలీం అలీగారు. 1931లో ఆయన నిజాము రాష్ట్రపు పక్షుల సర్వే నారంభించెను. ఆయన యాత్రలలో భార్య తెహ్మీనాగారు వెంటనుండి, గుడారములలో సంసారము నడపెడిది. 1939లో ఆమె చనిపోయినది. పుస్తకములమీద ఆయన పేరే యుండును. అడవిలో వేళకు వేడియన్న మెవరు పెట్టిరో మనకు తెలియును గదా.

గండిపేటకు తూర్పున నిప్పుడు కోకాపేట మేడలు నిలిచియున్నవి. మధ్యాహ్నపు టెండలో వాని యద్దములు నీటిపై మిలమిలలాడుచుండెను. ఈ రెండు సాగరముల నీరు చెడకుండుటకై చుట్టును 10 కిలోమీటర్ల మేర, 84 గ్రామములలో కట్టడముల నరికట్టుచు 1996లో 111వ సంఖ్య ఉత్తరువు వెలువడెను. 2022లో దానిని తొలగించుచు మరియొకటి వెలువడెను. ఆ గ్రామముల రైతులు, మా పొలములకు మాత్రము వెల యేల పెరుగరాదని యడిగిరి. వారి ప్రశ్న న్యాయము కాదని యనజాలను. అయినను బాతులు ఏ యుత్తరువు చదివికొని దిగును?

సాయంకాలము నాలుగు గంటలకు దళారి చెప్పిన కుంటయొద్దకు వచ్చితిమి. అతడు తెల్లని చొక్కాతో, పటములతో సిద్ధముగా నుండెను. నేల చదునుగా, పొడిగా, గులకరాళ్లతో నుండెను. సున్నపుగీతలతో స్థలములు పంచి, మూలలందు రాళ్లు పాతిరి. నీరు నూఱడుగుల దూరమున, చల్లనిగాలి నిజముగనే వీచుచుండెను. మావారి ముఖము చూచితిని. అప్పుడే వారు మనస్సులో వసారా కట్టి కుర్చీ వేసికొనినారు. దళారి మా కొఱకని ప్రత్యేకముగా జూపిన 18వ నంబరు స్థలమున అడుగిడగానే తలపై "తీ తీ తిత్తీ" యని కేక. ఒకటి కాదు, రెండు తీతువులు, మా తలలు తాకునంత క్రిందికి దిగి, లేచి, మరల దిగి.

"ఎక్కడో గ్రుడ్లున్నవి, అడుగులు చూచి వేయుడు" అనిరి పిన్నిగారు. మగవారిద్దరు దుర్భిణితో వెదకిరి. మనకు దుర్భిణి యెందులకు? ఇరువదేండ్లుగా బియ్యములో మట్టిబెడ్డను, కందిపప్పులో రాతిని ఏరిన కన్నులివి. నాలుగడుగుల దూరమున గులకరాళ్లలో నాలుగు రాళ్లకు మాత్రము మచ్చలు వేఱుగా నుండెను. మొనలు లోపలికి, చక్కగా పేర్చియుండెను. మేము వెనుకకు తగ్గగానే ఆడుదియో మగదియో - రెండును వంతులవారీగా పొదుగును - కుంటకు బోయి, పొట్ట నీటిలో దడిపికొని వచ్చి గ్రుడ్లపై గూర్చుండెను. ఎండకు గ్రుడ్లు మాడకుండ నట్లు చేయునని పిన్నిగారు చెప్పిరి. ఇంట పిల్లకు జ్వరము వచ్చినపుడు తడిబట్ట వేయుదుము, అదియే యుపాయము.

"అమ్మా, గీ పిట్టలకేంది, రేపు జేసీబీ వస్తే అవే పోతయి" అని దళారి నవ్వెను.

నేను మావారిని ప్రక్కకు బిలిచితిని. "ఏమండీ, తీతువు నీటియొడ్డున గ్రుడ్లు పెట్టును గదా. ఈ గులకరాళ్లు, ఈ యెండిన నాచు చూడుడు. మొన్న కార్తీకములో నీరిక్కడిదాక నుండెనేమో" యంటిని. వారు వంగి, రాళ్లకంటిన పాచిని గోటితో గీచి చూచిరి. సాంఘికశాస్త్ర మప్పుడు పనికివచ్చినది. దళారిని సర్వేనంబరడిగి, "ఇది పట్టాభూమియా, శిఖమా?" యనిరి. చెరువు నిండినపుడు మునుగు నేలను రెవెన్యూ లెక్కలలో శిఖమందురు. 10 హెక్టార్లును అంతకు మించియు నున్న చెరువునకు నిండునీటిహద్దునుండి 30 మీటర్లును, చిన్నకుంటకు 9 మీటర్లును ఇల్లు గట్టరాదని నిబంధన గలదు. ఆ హద్దుల పటములను హెచ్.ఎం.డి.ఏ. వారు అంతర్జాలమున నుంచినారు, ఫోనులోనే చూచుకొనవచ్చును. మీ యింట నెవరైన స్థలము కొన దలచినచో, గుమ్మ మే దిక్కునకని వాస్తు అడుగుటకు ముందు ఈ పటము జూడుడు. 2024 జూలైలో హైడ్రా యను సంస్థ యేర్పడిన తరువాత చెరువులలోని కట్టడములు కూల్చిరి; కొన్నవారు ఏడ్చిరి, అమ్మినవారు కనబడలేదు. 2020 అక్టోబరు వానలకు ఎన్ని కాలనీలు మునిగినవో మనకు జ్ఞాపకమే.

దళారి జవాబు సూటిగా రాలేదు. "అందరు కొంటున్నరు సార్, మీకేం డౌటు?" అని మాత్రమనెను.

వేసవిలో నీరు వెనుకకు బోయి నేల పొడిబారినపుడు దాని నాశించువారిద్దరు: తీతువొకటి, దళారి యొకడు. తీతువునకు సుమారు నాలుగువారములు చాలును. పిల్లలు గ్రుడ్డునుండి వెలువడిన కొలది గంటలకే నడచును. వాన పడి నీరు మీదికి వచ్చుసరికి తల్లి వెంట మెరకకు బోవును. మేము కట్టబోవు నిల్లు నడచిపోగలదా?

కారెక్కిన తరువాత చాలసేపు మావారు మాటలాడలేదు. వారి నిరాశ నాకును గలదు. సొంత గుమ్మమునకు పసుపు రాయవలెనని నాకు లేదా? మియాపూరు దాటిన పిమ్మట, "నీ టిట్టిభి మాట వినుట మేలనియే తోచుచున్నది" అనిరి. కాసులపేరు బీరువాలోనే యున్నది.

అత్తగారు తీతువుమాట విని, "చూచితివా, అది కూసినచోట మంచి జరుగదని నేను చెప్పలేదా?" యనిరి. నేను మారుపలుకలేదు. పిన్నిగారు మొన్న గురువారము ఆ దారిని బోయినపుడు 18వ నంబరులో పక్షి యింకను కూర్చుండియే యున్నదట. దళారి నిన్నను ఫోను చేసెను. గజమునకు మరికొంత తగ్గించునట.